పాప వాంతి చేసుకున్న కారు సీటును పట్టీలు పాడవకుండా శుభ్రం చేయడం ఎలా?

విశాఖ నాన్న:
గత ఆదివారం విశాఖపట్నం నుండి అరకు వెళ్తుండగా, శృంగవరపుకోట దాటి ఘాట్‌రోడ్డు ఎక్కిన కాసేపటికే మా రెండున్నరేళ్ల పాప తాగిన పాలూ తిన్న ఇడ్లీ మొత్తం కారులో బిగించిన తన పిల్లల సీటులోనే కక్కేసింది. బండి ఆపడానికి చోటు దొరికేలోపు భయపడి మూత్రం కూడా పోసుకుంది. దగ్గరున్న తువ్వాలుతో, రెండు సీసాల మంచినీళ్లతో పైపైన తుడిచాము గానీ, సాయంత్రం ఇంటికి చేరేసరికి ఎండకు కారంతా పులిసిన పాల కంపుతో నిండిపోయింది. ఈ సీటును మా బావగారు అమెరికా నుండి, వాళ్ల బాబు పెద్దవాడయ్యాక, మా పాప కోసం తెచ్చారు. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి చొప్పున ఐదు పట్టీలున్న రకం. దానితో వచ్చిన పుస్తకం మా దగ్గర లేదు. మా అత్తగారు అన్నీ విప్పి సర్ఫ్, డెట్టాల్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టమంటున్నారు. కార్లు కడిగే కుర్రాడు నీటి గన్నుతో కొట్టి ఇస్తానంటున్నాడు. రెండింటిలో ఏది మంచిదో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఫ్రిస్కో అమ్మ:
రెండూ వద్దండి. కవరును ఉతకవచ్చు, ప్లాస్టిక్ భాగాన్ని తుడవవచ్చు, కానీ పట్టీలను మాత్రం నానబెట్టకూడదు, వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు, ఇస్త్రీ చేయకూడదు, బ్లీచింగ్ గానీ డెట్టాల్ గానీ తగలనీయకూడదు. ఇది నేను నా తప్పు నుండి నేర్చుకున్న విషయం. మా బాబు ఇలాగే చేసినప్పుడు పట్టీలు ఊడదీసి, బట్టలతో పాటు మెషీన్‌లో వేసి, తెల్లగా వచ్చాయని సంతోషించాను. తిరిగి ఎక్కించడం తెలియక తయారీ సంస్థకు ఫోన్ చేస్తే, ఉతికిన పట్టీలను ఇక వాడవద్దని, కొత్తవి తెప్పించుకోమని చెప్పారు. కారు గుద్దుకున్న క్షణంలో బిడ్డ బరువంతా ఆ నేత మీదే పడుతుంది. సబ్బు పొడి, మెషీన్ తిప్పుడు, వేడినీళ్లు ఆ నేతను సడలించవచ్చు, పోగులను బలహీనపరచవచ్చు; పైకి చూస్తే మాత్రం ఏమీ తెలియదు. అందుకే చాలా సంస్థలు తమ పుస్తకాల్లో పట్టీలను తడిగుడ్డతో, అవసరమైతే కాస్త మెత్తని సబ్బు నీటితో, తుడవడం వరకే ఒప్పుకుంటాయి. పట్టీ సీటులోనే ఉండగా గుడ్డను ఒకే దిశలో, నేత వెంబడి, లాగుతూ తుడవండి. సబ్బు పోయేవరకు మంచినీటి గుడ్డతో మళ్లీ మళ్లీ తుడవండి.

పుస్తకం పోయినా ఫర్వాలేదు. సీటు వెనకో అడుగునో అంటించిన కాగితం మీద మోడల్ సంఖ్య, తయారైన తేదీ ఉంటాయి. ఆ సంఖ్యతో వెతికితే సాధారణంగా పుస్తకం సంస్థ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. ఇక్కడ మేము చెప్పేదాని కంటే అందులో ఉన్నదే ప్రమాణం.

హనుమకొండ అమ్మమ్మ:
మా కాలంలో పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకునే తిరిగాము కాబట్టి పట్టీల సంగతి నేను చెప్పను. కవరు సంగతి చెబుతాను. ముందు నీళ్లు పోయకూడదు నాయనా. నీళ్లు పోస్తే కక్కినదంతా కుట్లలోకి, లోపలి దూదిలోకి దిగుతుంది. పాత చెంచాతోనో అట్టముక్కతోనో గట్టిగా ఉన్నదంతా గీకి తీసేయండి. ఆ తరువాత చన్నీళ్లే వాడండి. పాలు పడిన బట్టను వేడినీళ్లలో వేస్తే మరక ఉడికి అక్కడే ఉండిపోతుంది. వాసన పోవడానికి మా ఇంట్లో వంటసోడా చల్లి, నిమ్మకాయ పిండి, ఎర్రటి ఎండలో పెడతాము.

ఫ్రిస్కో అమ్మ:
అమ్మమ్మగారూ, గీకడం, చన్నీళ్లు రెండూ నూటికి నూరు పాళ్లు సరైన మాట. సోడాను మాత్రం కారు సొంత సీటు మీద, కింది తివాచీ మీద చల్లుకోవడం వరకే ఉంచుదాము. పిల్లల సీటు పట్టీల మీద ఆ పొడి గరుకుగా రాసుకుంటుంది, నిమ్మరసం పులుపు కూడా వాటికి మంచిది కాదు. ఎండ విషయంలోనూ నాకు భిన్నాభిప్రాయం ఉంది. కవరును, పట్టీలను గాలి బాగా ఆడే నీడలో ఆరబెడితేనే మేలు. డ్రయ్యరులో వేయకూడదని చాలా కవర్లకు కుట్టిన చీటీ మీదే రాసి ఉంటుంది.

ఘాట్‌రోడ్డు బాధితుడు:
మేము ఏటా తిరుమల వెళ్తాము కాబట్టి ఈ విద్యలో నాకు కొంత అనుభవం ఉంది. ఎవరూ బకిల్ (పట్టీలన్నీ వచ్చి తగిలే తాళం) గురించి చెప్పలేదు. అసలు ప్రమాదం అక్కడే దాగి ఉంటుంది. పాలు, చక్కెర, తిండి ముక్కలు ఆ ఎర్ర మీట కిందికి చేరి ఎండిపోతే, పట్టీకున్న లోహపు నాలుక లోపలికి వెళ్లినట్టే కనిపిస్తుంది గానీ పూర్తిగా పట్టుకోదు. మా సీటులో "టక్" అన్న శబ్దం రాకపోతే, ఆరిపోయిందేమోనని కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను. అది ఇంకా ఘోరమైంది. నూనెకు దుమ్ము పట్టి మీట నొక్కినా లేవకుండా బిగుసుకుంది. పుస్తకంలో చూస్తే నూనె, సబ్బు రెండూ లోపలికి వేయవద్దని స్పష్టంగా ఉంది. ఒక గ్లాసులో గోరువెచ్చని మంచినీళ్లు తీసుకుని, వీలైనంతవరకు పట్టీ తడవకుండా బకిల్‌ను మాత్రమే ముంచి, మీటను పదేపదే నొక్కుతూ ఆడించమని రాశారు. అలా నాలుగు గ్లాసుల నీళ్లు మార్చాక ఒక చేగోడీ ముక్క బయటపడింది. పూర్తిగా ఆరనిచ్చి, నాలుకలు పెట్టి తీసి, ప్రతిసారీ శబ్దం వస్తోందని చూసుకున్నాకే పిల్లవాడిని కూర్చోబెట్టాను.

నీటి గన్ను అస్సలు వద్దు. కవరు కింద ఉండే థర్మోకోల్ లాంటి పొర దెబ్బను పీల్చుకోవడానికి పెట్టినది. ఆ ధారకు అది విరగవచ్చు. దానిని తడిగుడ్డతో అద్దితే చాలు.

విశాఖ నాన్న:
అందరికీ ధన్యవాదాలు. విప్పే ముందు ప్రతి వైపు నుండీ ఫోటోలు తీసుకుని కవరును ఉతికి ఆరవేశాము, బకిల్‌ను గ్లాసులో ఆడించాము (మాకు బిస్కెట్టు వచ్చింది). రేపు ఉదయం పాపను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి, కవరేమో ఇంకా తడిగానే ఉంది. ఒక్కరోజుకు ప్లాస్టిక్ మీద దుప్పటి మడిచి వేసి కూర్చోబెట్టవచ్చా?

ఫ్రిస్కో అమ్మ:
కవరు లేకుండా సీటును వాడవద్దని పుస్తకాలు చెబుతాయి. మడిచిన దుప్పటి గుద్దుకున్నప్పుడు నలిగిపోతుంది, దానితో అప్పటిదాకా బిగుతుగా ఉన్న పట్టీ వదులవుతుంది. సీటుతో పాటు రాకుండా విడిగా అమ్మే తడి పీల్చే మెత్తలకూ ఇదే అభ్యంతరం. వేరే సీటు అరువు దొరుకుతుందేమో చూడండి, లేదా డాక్టరును మధ్యాహ్నం కలవండి.

తిరిగి బిగించేటప్పుడు పట్టీలు ఎక్కడా మెలి తిరగకూడదు. మీ పాప ముందుకు తిరిగి కూర్చుంటుంటే భుజం పట్టీలు ఆమె భుజాల ఎత్తులోనో, అంతకన్నా పైనో ఉన్న రంధ్రాల నుండి రావాలి. వెనక్కి తిరిగి కూర్చుంటుంటే భుజాల ఎత్తులోనో, కిందనో ఉండాలి. వెనక ఉన్న ఇనుప కొక్కేనికి రెండు పట్టీల కొసలూ పూర్తిగా తగిలాయో లేదో చూడండి. బిగించాక భుజం దగ్గర పట్టీని వేళ్లతో పట్టి చూస్తే మడత రాకూడదు. కారు బెల్టు పోయే చోట సీటును పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కదలకూడదు.

ఘాట్‌రోడ్డు బాధితుడు:
మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 194బి సెక్షను ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ కట్టకుండా తీసుకువెళ్తే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. ఒక్కరోజే కదా అని ఒళ్లో కూర్చోబెట్టుకునేవారి కోసం చెబుతున్నాను, దుప్పటి ఆలోచన చేసిన మీ కోసం కాదు.

విశాఖ నాన్న:
డాక్టరును మధ్యాహ్నానికి మార్చుకున్నాము. కానీ ఈ శ్రమంతా వృథా అయినట్టుంది. మోడల్ సంఖ్య కోసం సీటును తిరగేస్తే, అడుగున ప్లాస్టిక్‌లోనే 2023 డిసెంబరు తరువాత వాడవద్దని అచ్చు పోసి ఉంది. మా బావగారూ చూడలేదు, మేమూ చూడలేదు. పట్టీలు ఎంత బాగా తుడిచినా ఇది ఇక పనికిరాదు కదా?

ఫ్రిస్కో అమ్మ:
పనికిరాదండి. ఏళ్ల తరబడి కారులో ఎండకూ చలికీ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కాబట్టే ఆ తేదీ పెడతారు. ఇప్పుడు కొనేటప్పుడు పిల్లల సీట్ల భద్రతా ప్రమాణాలైన మన దేశపు ఏఐఎస్-072 గానీ, యూరప్ ఆర్129 గానీ ముద్ర ఉన్నది చూసుకోండి. కవరు సులువుగా ఊడుతుందా, విడి కవరు అమ్ముతారా అని దుకాణంలోనే అడగండి.

హనుమకొండ అమ్మమ్మ:
శుభ్రంగా కడిగారు కదా అని పాతదాన్ని ఇంకెవరికీ ఇవ్వకండి నాయనా. పాత సామాన్లవాడికి వేసే ముందు ఆ పట్టీలను కత్తెరతో కోసేయండి.