"ఆ కవలల అమ్మ ఏమైంది?": మేరీ స్లెస్సర్ కథను బోర్డింగ్ పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

అందరికీ వందనాలు. మా సంఘం నడిపే చిన్న బోర్డింగులో పిల్లల బాగోగులు చూస్తుంటాను. వారిలో ఎక్కువ మంది తల్లిదండ్రులు ఏటా ముంబై, పూణే వైపు పనులకు వలస పోయేవారే. గత ఆదివారం, నేటి నైజీరియాలోని కాలబార్ ప్రాంతంలో సేవ చేసిన మేరీ స్లెస్సర్ గారి కథ చెప్పాను. 1848లో స్కాట్లాండులో పుట్టి, పదకొండో ఏటనే డండీ నేత మిల్లులో పనికి చేరి, 1876లో కాలబార్ వెళ్లిన ఆమె, కవలలు పుడితే అరిష్టమని అడవిలో వదిలేసిన శిశువులను తెచ్చి పెంచారని చెబుతుండగా, ఏడో తరగతి పాప లేచి, "మరి వాళ్ల అమ్మ ఏమైంది, సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (మహబూబ్‌నగర్, విశ్రాంత ఉపాధ్యాయురాలు)

తమ్ముడూ, మనం ఎప్పుడూ దాటేసే ప్రశ్నను ఆ పాప అడిగింది. కవలలలో ఒకరు దురాత్మకు పుట్టినవారని నమ్మి, ఆ ఒక్కరు ఎవరో తెలియక ఇద్దరినీ కుండలలో పెట్టి అడవిలో వదిలేవారు. తల్లిని ఊరి నుంచి వెళ్లగొట్టేవారు. స్లెస్సర్ గారు పిల్లలను తేవడంతో ఆగక ఆ తల్లులకూ తన ఇంట చోటిచ్చారు, భార్యను తిరిగి ఏలుకొమ్మని భర్తలను ఒప్పించడానికి పాటుపడ్డారు. ఆమె పెంచుకున్న జేనీ కూడా కవలే. తోడబుట్టిన మగబిడ్డను మాత్రం బంధువులు నమ్మించి తీసుకుపోయి చంపేశారు.

రాత్రిపూట పసివారి ఉయ్యాలలకు తాళ్లు కట్టుకొని, ఎవరు ఏడిస్తే వారి తాడును పడుకున్న చోటి నుంచే ఆమె లాగేవారని చదివినప్పుడు, నా చిన్నతనంలో చెరువుకట్ట పనికి వచ్చిన తల్లులు వేపకొమ్మకు చీర తొట్టెల కట్టి, మట్టి తట్ట దించిన ప్రతిసారీ ఒకసారి ఊపి పోవడం కళ్ల ముందు మెదిలింది. మీ పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వారిలో చాలామంది అలాంటి తొట్టెలలో పెరిగినవారే అయి ఉంటారు.

సమాధానం (నల్లగొండ)

అక్క చెప్పినదానికి ఒక మాట చేర్చాలి. దొరసాని వచ్చి అజ్ఞానులను ఉద్ధరించిందన్నట్టు ఈ కథ చెప్పే అలవాటు మన సండే స్కూళ్లలో ఉంది. నన్ను బాధించే విషయం అది. 1888లో ఆమె స్థిరపడిన ఒకోయాంగ్ ప్రాంతంలో, ఎకెంగే గ్రామపెద్ద ఎడెమ్ ఆమెకు చోటిచ్చారు. ఆయన సోదరి మా ఎమే, ఎక్కడైనా ఘోరం జరగబోతున్నదని తెలిస్తే, మందు కావాలన్న నెపంతో ఒక ఖాళీ సీసా పంపేవారు; ఆ సీసా కనిపిస్తే వెంటనే సిద్ధంగా ఉండాలని స్లెస్సర్ గారికి అర్థమయ్యేది. తన వాళ్లకు తెలియకుండా ఆ పని చేసిన మా ఎమే పేరు పిల్లలకు తప్పక చెప్పండి.

మీది దేవరకొండ కనుక అడుగుతున్నాను. 2000 సంవత్సరానికి అటూ ఇటూగా మన తండాల నుంచి ఆడశిశువులను దత్తత పేరుతో కొనుక్కుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు బిడ్డను తీసుకుపోవడానికి మనుషులు వచ్చారు గాని, బిడ్డను ఇచ్చుకోవలసి వచ్చిన తల్లి పరిస్థితి ఏమిటని ఆరా తీసినవారు తక్కువ. మీ పాప ప్రశ్నను అందుకే తేలికగా తీసుకోలేకపోతున్నాను.

సమాధానం (వనపర్తి)

చదువు సంగతి విడిచిపెట్టకండి. కాలబార్ ప్రజలు మాట్లాడే ఎఫిక్ భాషలో కొత్త నిబంధన 1862 నాటికే వెలువడింది, స్లెస్సర్ గారు ఆ భాషలోనే మాట్లాడారు, బోధించారు. చేతిపనులు కూడా నేర్పే సంస్థ ఉండాలని ఆమె కోరారు. 1895లో కాలబార్‌లో హోప్ వాడెల్ శిక్షణ సంస్థ మొదలైంది. నైజీరియా తొలి అధ్యక్షుడు నమ్దీ అజికివే కొంతకాలం అక్కడ చదువుకున్నారు.

ప్రశ్న అడిగినవారు

అక్కా, అన్నలారా, కృతజ్ఞతలు. వచ్చే ఆదివారం కథను మా ఎమే సీసాతో మొదలుపెడతాను. ఆ పాప తల్లి సంక్రాంతికి ఊరికి వస్తున్నది; ఈసారి ఆమెను కూడా పిల్లల మధ్య కూర్చోమని అడుగుతాను.