మన సిరొంచ ఆడవాళ్లు 1,500కే ఓటేశారా?

అంకీసా రైతుబిడ్డ:
మొన్న పెళ్లికి మన మహారాష్ట్ర వైపు నుంచి నది దాటి తెలంగాణలో ఉన్న మా మేనమామ వాళ్ల ఊరికి పోయాను. పంక్తిలో కూర్చున్న వాళ్లంతా ఒకటే మాట: "మీ దగ్గర ఆడవాళ్లు 1,500 తీసుకుని పాత ప్రభుత్వాన్నే మళ్లీ కూర్చోబెట్టారు." 2024 నవంబర్ మహారాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల సంగతే. మనసు చివుక్కుమంది, కానీ గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ ఏడు జూన్‌లో లోక్‌సభ ఫలితాలు వచ్చినప్పుడు ఇక్కడి పాలక కూటమి మహాయుతికి 48లో 17 సీట్లే. మన గడ్చిరోలి-చిమూర్ కూడా కాంగ్రెస్‌కు పోయింది. ఐదు నెలలు తిరిగేసరికి 288లో బీజేపీకి 132, షిండే సేనకు 57, అజిత్ పవార్ పార్టీకి 41. మధ్యలో వచ్చింది ఆడవాళ్ల ఖాతాల్లో నెలకు 1,500 వేసే లాడ్కీ బహిన్ పథకమే కదా? మీరేమంటారు?

గోదావరి గట్టు:
నా మాట సూటిగా చెప్తా. అవును, పైసలే. జూలై నుంచి నవంబర్ దాకా ఐదు నెలలవి 7,500. అక్టోబర్, నవంబర్‌వి కూడా ఎన్నికల కోడ్ రాకముందే ఖాతాల్లో వేసేశారు. రైతుల మోటార్లకు 7.5 హెచ్‌పీ దాకా కరెంటు బిల్లు లేదన్నారు. గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లలో మునిగిన మన చేన్ల మాట ఓటు రోజు ఎవరికి గుర్తొచ్చింది? 2022 జూలై వరదకు ఇళ్లు వదిలి పోయినప్పుడు ఏడ్చింది మనమే కదా.

ప్రాణహిత ఆడబిడ్డ:
గట్టు అన్నా, చేన్ల గురించి మీరన్నది నిజం. కానీ "పైసలకే ఓటేశారు" అంటే మాత్రం ఒప్పుకోను. మా ఇంట్లో జరిగింది చెప్తా.

ఆగస్టులో మొదటిసారి రెండు నెలలవి కలిపి 3,000 పడ్డాయి. మా అత్తమ్మ ఒక్కతే తీసుకోవడానికి పోయింది. నాట్ల బురదలో నాని వేళ్ల గీతలు అరిగిపోయాయి, మిషన్ వేలిముద్ర పట్టలేదు. తడిగుడ్డతో తుడుచుకుని పెట్టింది, ఎడమచేతి వేలు పెట్టింది, చివరికి మూడో రోజు పడింది. ఆ పైసలతో కంటి అద్దాలు చేయించుకుంది. అంతకుముందు రెండేళ్లుగా అద్దాల కోసం కొడుకును అడుగుతూనే ఉంది. ఆ కొడుకు మా ఆయనే. పంట మీద చూద్దాం అనేవాడు, పంట వస్తే అప్పులకు పోయేది. ఇప్పుడు బియ్యంలో రాళ్లు ఆమే ఏరుకుంటుంది.

ఓటు ఎవరికి వేసిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అవతలి కూటమి నెలకు 3,000 ఇస్తామంది కదా. అమ్ముకునే వాళ్లయితే రెట్టింపు ఇస్తామన్న వైపే పోవాలి. "ఇస్తానన్నోళ్లను చానామందిని చూసిన" అని మాత్రం ఒకసారి అంది. నా లెక్కలో అది అమ్ముడుపోయిన మనిషి మాట కాదు, నమ్మకం లెక్కేసుకున్న మనిషి మాట.

బడి మాస్టారు:
చెల్లెమ్మ చెప్పింది బాగుంది. పైసలు పడితే చాలు ప్రభుత్వం మళ్లీ వస్తుందంటే, నది అవతల 2023 డిసెంబర్‌లో బీఆర్ఎస్ ఎందుకు ఓడింది? రైతుబంధు కింద ఎకరానికి ఏడాదికి 10,000 వేశారు. అయినా వచ్చినవి 39 సీట్లే, కాంగ్రెస్‌కు 64. నాకు తోచింది ఒకటుంది. రైతుబంధు పట్టా ఉన్నవాళ్లకు పోయింది. ఎక్కువ భూమి ఉంటే ఎక్కువ, కౌలుకు చేసేవాళ్లకు ఏమీ లేదు. ఇక్కడ సెంటు భూమి లేని కూలి మనిషి ఖాతాలో కూడా అదే 1,500 పడింది. పైగా అక్కడ ఓటింగ్‌కు నెల ముందే, అక్టోబర్ 21న ఆ ప్రభుత్వమే కట్టిన మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి.

ఇంకో మాట. మన జిల్లాలోనే ఆర్మోరి చూడండి. అక్కడి ఆడవాళ్లకూ అవే పైసలు పడ్డాయి, గెలిచింది కాంగ్రెస్. మన అహేరి నియోజకవర్గంలో అజిత్ పవార్ పార్టీ నుంచి గెలిచిన ధర్మరావుబాబా ఆత్రం మీద సొంత కూతురు భాగ్యశ్రీ శరద్ పవార్ పార్టీ నుంచి, అన్న కొడుకు అంబరీష్‌రావు స్వతంత్రంగా నిలబడ్డారు. వ్యతిరేక ఓటు చీలిపోయింది. ఇవన్నీ చూడకుండా ఒక్క పథకం మీద పెట్టేస్తే ఎలా?

గోదావరి గట్టు:
ఆర్మోరి సంగతి నేను ఆలోచించలేదు మాస్టారూ, ఒప్పుకుంటున్నా. చెల్లె, నా మాట నొప్పించి ఉంటే మనసులో పెట్టుకోకు. కానీ నా బాధ వేరే. 100 మీటర్ల ఎత్తుకు మేడిగడ్డ ఒప్పందం 2016లో కుదిరినప్పుడు ఇక్కడ ముఖ్యమంత్రి ఫడ్నవీసే. ఇప్పుడూ ఆయనే, మన జిల్లా పాలక్‌మంత్రి (ఇన్‌ఛార్జి మంత్రి) కూడా ఆయనే. ఓటేసి గెలిపించినం కాబట్టి మీ చేన్లకు ఏం ఇబ్బంది లేదని రేపు అంటే? మన ఊరి నుంచి 200 కిలోమీటర్లు దాటి గడ్చిరోలికి పోయి ఎవరు అడుగుతారు?

ప్రాణహిత ఆడబిడ్డ:
అడగాలి అన్నా. గెలిపించిన వాళ్లకే అడిగే హక్కు ఎక్కువ. 2,100 చేస్తామన్నారు, ఇంకా 1,500 దగ్గరే ఉంది. ఇప్పుడు పథకానికి ఈ-కేవైసీ, అంటే ఆన్‌లైన్‌లో వివరాల తనిఖీ, అంటున్నారు, భర్తదో తండ్రిదో ఆధార్ పెట్టమంటున్నారు. మా మామయ్య లేరు, అత్తమ్మ నాన్న ఎప్పుడో పోయారు. ఓటీపీ ఎవరి ఫోన్‌కు రావాలి? ఎవరైనా చేయించి ఉంటే చెప్పండి.

అంకీసా రైతుబిడ్డ:
అక్కా, మా పిన్నికి చేయించాం. బాబాయి మరణ ధ్రువపత్రం జిరాక్స్ అంగన్‌వాడీ టీచర్‌కు ఇవ్వమన్నారు. గడువు 2025 డిసెంబర్ 31 దాకా పెంచారు. ఆదివారం నేను సిరొంచ వస్తున్నా, కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి, కలిసి పోదాం. గట్టు అన్నా, మీ భూమి కాగితాలు కూడా తెండి.