నెలసరి నొప్పికీ రక్తనాళాలకూ సంబంధం ఏమిటి? తిండి మారిస్తే తగ్గుతుందా?

ప్రశ్న
నెలసరి మొదటి రోజు పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి రక్తం సరిగ్గా అందకపోవడం వల్లే అంటారు. అంటే రక్తనాళాలు బాగాలేవనా? ఇబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర ఒక నెల పనిచేసి ఇంకో నెల ఎందుకు చేయదు? చేపనూనె, అల్లం నిజంగా ఉపయోగపడతాయా?

జవాబు 1
నాళాలు చెడిపోయాయని కాదండీ, కాసేపు బిగుసుకుంటాయి, అంతే. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోగానే గర్భాశయం లోపలి పొరలో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం విడుదలవుతుంది. కాక్స్ అనే ఎంజైము దాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలుగా మారుస్తుంది. వాటిలో ఎఫ్2 ఆల్ఫా అనే రకం గర్భాశయ కండరాన్ని బిగిస్తుంది, అక్కడి సన్నని ధమనుల్నీ ముడుచుకునేలా చేస్తుంది. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు గర్భాశయం లోపలి ఒత్తిడి 150 మి.మీ. పాదరసం కూడా దాటవచ్చు. మామూలు రక్తపోటులో పై అంకె 120 దగ్గర ఉంటుంది కదా, ఇక రక్తం లోపలికి ఎలా వెళ్తుంది? ఆక్సిజన్ అందని కండరం నొప్పి పెడుతుంది. గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పిదీ ఇదే కోవ. వికారం, విరేచనాలు కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్ల పనే.

పొగ తాగేవారిలో ఈ నొప్పి ఎక్కువగా కనిపిస్తుంది. నికోటిన్ నాళాలను ఇంకా ముడిచేస్తుంది మరి.

జవాబు 2
మాత్ర సంగతి. ఇబుప్రొఫెన్ కాక్స్‌ను ఆపుతుంది, అంటే కొత్త ప్రోస్టాగ్లాండిన్ తయారు కాకుండా చూస్తుంది. అప్పటికే తయారైనదాన్ని ఏమీ చేయలేదు. అందుకే నొప్పి ముదిరాక వేసుకుంటే పనిచేయనట్టు అనిపిస్తుంది. రక్తస్రావం మొదలవగానే, లేదా నొప్పి తొలి సూచనకే, ఏదైనా తిని 400 మి.గ్రా. వేసుకోవాలి. తర్వాత 6–8 గంటలకోసారి, తొలి రెండు మూడు రోజులు. డాక్టరు చెప్పకుండా రోజుకు 1200 మి.గ్రా. దాటకూడదు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, నొప్పి మాత్రలతో పెరిగే ఆస్తమా, రక్తం పలచబరిచే మందులు, గర్భం ఉందేమోనన్న అనుమానం: వీటిలో ఏది ఉన్నా సొంతంగా వద్దు.

పొత్తికడుపు మీద వేడి కాపడాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. 40 డిగ్రీల దగ్గర, చర్మం కాలకుండా, గంటల తరబడి ఉంచితే బాగా పనిచేస్తుంది.

జవాబు 3
తిండి గురించి: అరాకిడోనిక్ ఆమ్లం ఒమేగా-6 కొవ్వు. చేపల్లోని ఒమేగా-3 కణాల పొరల్లో దాని చోటు కొంత ఆక్రమిస్తే, తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అంత బలంగా ఉండవు. కానీ పొరల్లో కొవ్వు మారడానికి వారాలు పడుతుంది. నొప్పి రోజున చేపనూనె మింగితే లాభం లేదు, రెండు మూడు నెలలు వరుసగా తీసుకుని చూడాలి. అవిసె గింజల్లోని ఒమేగా-3ని మన శరీరం చాలా కొద్దిగానే చేపల్లో ఉండే రూపంలోకి మార్చుకుంటుంది.

అల్లం సంగతి వేరు. ప్రయోగాల్లో రోజుకు 750 నుంచి 2000 మి.గ్రా. అల్లం పొడిని తొలి మూడు నాలుగు రోజులే ఇచ్చారు, కొంత ఉపశమనం కనిపించింది. మెగ్నీషియానికి ఆధారాలు అంత బలంగా లేవు, మోతాదు పెరిగితే విరేచనాలవుతాయి.

వారానికి మూడుసార్లు, 45–60 నిమిషాల వ్యాయామానికి వీటన్నిటికంటే ముందు చోటిస్తాను.

ప్రశ్న అడిగినవారు
ఎన్నాళ్లు చూసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

జవాబు 2
మాత్ర సరైన సమయానికి వాడినా మూడు నెలసరులకు తగ్గకపోతే వెళ్లండి. ఏళ్ల తరబడి లేని నొప్పి కొత్తగా మొదలైనా, నెలనెలా పెరుగుతున్నా, నెలసరి కాని రోజుల్లో లేదా కలయికలో నొప్పి ఉన్నా, రక్తస్రావం మరీ ఎక్కువైనా అన్నాళ్లు ఆగొద్దు. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరగడం), అడినోమయోసిస్ (ఆ పొర గర్భాశయ కండరంలోకి పెరగడం), ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో గడ్డలు) ఉన్నాయేమో చూడాలి. స్కాన్ మామూలుగా వచ్చినా ఎండోమెట్రియోసిస్ లేదని తేలినట్టు కాదు, ఆ మాట డాక్టరును గట్టిగా అడగండి.