మంచి సమరయుని ఉపమానంలో పూటకూళ్లవాడు ఎవరు? తొలి శతాబ్దాల బోధకులు ఏమన్నారు?

ప్రశ్న: ఆదివార బడి ఉపాధ్యాయుడు

అందరికీ వందనాలు. మా సంఘంలో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు ఆదివార బడిలో పాఠం చెబుతుంటాను. మొన్న లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం తీసుకొని, ఆపదలో పడినవాడు ఎవరైనా మనకు పొరుగువాడే అని చెప్పబోయాను. (యెరూషలేము నుంచి యెరికోకు వెళ్తున్న ఒకణ్ణి దొంగలు కొట్టి పడవేస్తే, యాజకుడు, లేవీయుడు చూసి పక్కగా పోయారు; ఒక సమరయుడు మాత్రం అతన్ని బాటసారులు బస చేసే పూటకూళ్లవాని ఇంటికి చేర్చి, చూసుకొమ్మని పూటకూళ్లవానికి రెండు దేనారాలు, అంటే రెండు నాణేలు, ఇచ్చాడన్నది ఆ కథ.) అయితే అంతకు ముందే, ఆ ఉదయం ఆరాధనలో ప్రసంగించిన అతిథి బోధకులు అదే ఉపమానాన్ని వేరే విధంగా వివరించారు. దొంగల చేతిలో చిక్కినవాడు ఆదాము, అతడు విడిచి వచ్చిన యెరూషలేము పరదైసు, అంటే ఆదాము మొదట ఉన్న తోట, సమరయుడు క్రీస్తు, పూటకూళ్లవాని ఇల్లు సంఘం అని చెప్పి, సంఘపితరులందరూ మొదటినుంచి బోధించిన అర్థం ఇదేనన్నారు. అది విన్న ఒక పాప నా తరగతిలో లేచి, "అయితే పూటకూళ్లవాడు ఎవరండీ? ఆ రెండు దేనారాలు ఏమిటండీ?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

తొలి శతాబ్దాల బోధకులందరూ నిజంగా ఇలాగే చెప్పారా? ఇలా చెప్పుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో వారికేమైనా కొలత ఉండేదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: పాత గ్రంథాల పాఠకుడు

మీ అతిథి బోధకులు చెప్పినది సొంత కల్పన కాదు. కాకపోతే "అందరూ" అన్న మాట మాత్రం నిలవదు. మూడవ శతాబ్దంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన పండితుడు ఓరిజెన్ పాలస్తీనాలోని కైసరయలో లూకా సువార్తపై ప్రసంగిస్తూ, ఈ అర్థాన్ని తనకు పూర్వుడైన ఒక పెద్ద చెప్పినట్లుగా వినిపించాడు. దాని ప్రకారం యెరికో ఈ లోకం, యాజకుడు ధర్మశాస్త్రం, లేవీయుడు ప్రవక్తలు, రెండు దేనారాలు తండ్రి, కుమారుడు, పూటకూళ్లవాడు సంఘానికి అధిపతిగా నియమితుడైనవాడు. నూటయాభై ఏళ్లు దాటాక ఉత్తర ఆఫ్రికాలో హిప్పో నగర బిషప్పు అయిన అగస్టీను దాదాపు అదే దారిలో నడిచాడు గాని, ఆయన లెక్కలో పూటకూళ్లవాడు అపొస్తలుడైన పౌలు, రెండు దేనారాలు దేవుణ్ణి, పొరుగువాణ్ణి ప్రేమించమన్న రెండు ఆజ్ఞలు. అంటే మీ తరగతిలోని పాప వేలు పెట్టి చూపించిన చోటే ఈ ఇద్దరు మహా పండితులకూ పొత్తు కుదరలేదు.

కొలత సంగతికి వస్తే, దానిని పట్టుబట్టి వెదికినవాడు కూడా అగస్టీనే. బిషప్పు అయిన కొద్దికాలానికే, సుమారు 396లో, లేఖనాలను ఎలా గ్రహించాలి, గ్రహించినదానిని ఎలా బోధించాలి అన్న విషయం మీద "క్రైస్తవ బోధను గూర్చి" అనే గ్రంథం మొదలుపెట్టి, మూడవ భాగం మధ్యలో ఆపివేసి, ముప్పై ఏళ్ల తరువాత, 426 ప్రాంతంలో, ఆ భాగాన్ని ముగించి నాలుగవ భాగాన్ని చేర్చాడు. మొదటి భాగంలో "పొరుగువాడు ఎవడు?" అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన ఇదే ఉపమానాన్ని ఎత్తుకుంటాడు. అక్కడ దేనారాల లెక్క లేదు. మన కనికరం ఎవరికి అవసరమో అతడే పొరుగువాడు అని, మీరు పిల్లలకు చెప్పబోయిన అర్థాన్నే చెబుతాడు. ఆ తరువాతే, కొరప్రాణంతో పడివున్న మనకు సహాయం చేసిన ప్రభువు తానే మన పొరుగువాడు అనిపించుకోగోరాడని కలుపుతాడు. నాకు ఈ వరుస చాలా ముఖ్యమనిపిస్తుంది.

ఆయన పెట్టిన కొలత ప్రేమ. లేఖనం తనకు అర్థమైందనుకొన్నవాడు, ఆ అర్థంతో దేవుని పట్ల, పొరుగువాని పట్ల ప్రేమను కట్టలేకపోతే అతనికి ఇంకా అర్థం కాలేదన్నమాట. ప్రేమను కట్టే అర్థమే చెప్పినా రచయిత ఉద్దేశించనిది చెప్పినవాడు, బాట తప్పి పొలాల మీదుగా నడిచి, బాట చేర్చే చోటికే చేరిన బాటసారి వంటివాడు. అతన్ని మోసగాడు అనకూడదు. అయినా దిద్దాలి, ఎందుకంటే అడ్డదారి అలవాటైనవాడు రేపు తప్పుడు ఊరికి చేరవచ్చు.

ఆ తప్పుడు ఊరు ఎలాంటిదో ఆయన కళ్లారా చూశాడు. ఆఫ్రికాలో విడిపోయి ఉన్న దొనాతు వర్గంవారు, పరమగీతంలో "మధ్యాహ్నమున" మందను ఎక్కడ పరుండబెడతావన్న మాటను పట్టుకొని, నిజమైన సంఘం ఆఫ్రికాలోనే ఉందని వాదించేవారు. లాటిను భాషలో మధ్యాహ్నానికీ దక్షిణ దిక్కుకూ మాట ఒకటే కావడం వారికి కలిసివచ్చింది. తేటగా చెప్పిన వాక్యాల వెలుగు తోడు లేకుండా, గూఢార్థంగా ఉన్న మాటను తనకు అనుకూలంగా తిప్పుకోవడం సిగ్గుమాలిన పని అని అగస్టీను ఒక ఉత్తరంలో వారికి గట్టిగానే సమాధానమిచ్చాడు.

జవాబు: వేదాంత విద్యార్థిని

పై సోదరుని వివరణ బాగుంది గాని, కథ అలెగ్జాండ్రియా, ఆఫ్రికా పక్షం నుంచే నడిచింది. సిరియాలోని అంతియొకయలో చదివినవారి ధోరణి వేరు. మొప్సుయెస్తియా బిషప్పు థియొడోరు, గలతీ పత్రికపై రాసిన వ్యాఖ్యానంలో, పౌలు వాడిన ఒక్క మాటను ఆసరాగా చేసుకొని కొందరు లేఖన చరిత్రనంతా కలలా మార్చివేస్తున్నారని, వారి చేతుల్లో ఆదాము ఆదాముగా, పరదైసు పరదైసుగా మిగలడం లేదని మండిపడ్డాడు. అంతియొకయ బోధకుడే అయిన యోహాను క్రిసొస్తొము మత్తయి సువార్తపై ప్రసంగిస్తూ, ద్రాక్షతోట పనివారి ఉపమానం దగ్గర, ఉపమానంలోని ప్రతి మాటనూ తరచి చూడనవసరం లేదని, అది ఏ ఉద్దేశంతో చెప్పబడిందో గ్రహించి అక్కడితో ఆగాలని స్పష్టంగా చెప్పాడు. అతిథి బోధకులు చెప్పిన "అందరూ" అన్న మాటకు ఇదొక్కటే చాలినంత జవాబు.

ఇంకొక మాట. అగస్టీను కొలత నాకు కొంచెం వదులుగా కనిపిస్తుంది. ప్రేమను కట్టే అర్థాలు ఒకే వాక్యానికి పది చెప్పవచ్చు. వాటిలో ఆ వాక్యం నిజంగా చెబుతున్నది ఏదో ప్రేమ ఒక్కటే తేల్చదు కదా.

జవాబు: పాత గ్రంథాల పాఠకుడు

ఒప్పుకుంటాను, చెల్లీ. ఆ లోటు ఆయనకూ తెలుసు. అందుకే రెండవ భాగంలో గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకోవాలని, వేరు వేరు అనువాదాలను పోల్చి చూడాలని, లేఖనాల్లో వచ్చే జంతువులు, మొక్కలు, రాళ్ల గుణాలు తెలుసుకోవాలని అంత పొడవునా రాశాడు. మరుగైన చోట్లలో దొరికేదంతా మరొకచోట తేటగా చెప్పబడే ఉంటుందని కూడా అక్కడే అంటాడు. థియొడోరుకు ఇది చాలదనే నా అనుమానం కూడా.

జవాబు: విశ్రాంత ఉపదేశకుడు

సోదరులకు వందనాలు. ప్రశ్న అడిగినవారు పిల్లలకు బోధించేవారు కనుక నేను బోధన గురించి మాత్రమే చెబుతాను. సుమారు 400వ సంవత్సరంలో కార్తేజి నగరంలో దెయొగ్రాతియా అనే పరిచారకుడు ఇదే బాధతో అగస్టీనుకు రాశాడు. కొత్తగా విశ్వాసంలోకి రాగోరేవారిని అతని దగ్గరికి తీసుకువస్తే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియడం లేదని, తన మాటలు తనకే చప్పగా అనిపిస్తున్నాయని అతని మొర. అగస్టీను సమాధానంగా ఒక చిన్న పుస్తకమే రాసి పంపాడు. సృష్టి మొదలు నేటి సంఘం వరకు కథగా చెప్పమన్నాడు. అయితే అన్నీ వల్లెవేయకుండా, ముఖ్యమైన ఘట్టాల దగ్గర నిలిచి, మిగతావి త్వరగా దాటమన్నాడు. వినేవాడు ఆవులిస్తే ఏదైనా ఉల్లాసకరమైన మాట చెప్పాలని, నిలబడి అలసిపోతే కూర్చోబెట్టాలని కూడా రాశాడు. ఆ రోజుల్లో ఆఫ్రికాలో శ్రోతలు నిలబడే వినేవారు మరి.

ఎన్నోసార్లు చెప్పిన పాఠం విసుగనిపిస్తే ఏం చేయాలన్నదానికి ఆయన చెప్పిన పోలిక నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. మనం రోజూ చూసి పట్టించుకోని అందమైన స్థలాలను, ఎన్నడూ చూడని స్నేహితునికి చూపించేటప్పుడు, అతని సంతోషం వల్ల అవి మనకూ కొత్తవవుతాయి. నలభై ఏళ్లు పల్లె సంఘాల్లో పాఠం చెప్పినవాణ్ణి, అది నిజమేనని చెప్పగలను. మీ పాప ప్రశ్నకు జవాబు తెలియలేదని చిన్నబుచ్చుకోకండి. తరగతికి ముందుగా పొరుగువాని సంగతి చెప్పండి, ఆ తరువాత ఓరిజెన్ ఇలా అన్నాడు, అగస్టీను ఇలా అన్నాడు అని రెండూ చెప్పండి. పన్నెండేళ్ల పిల్లలకు ఆ మాత్రం తేడా పట్టుబడుతుంది. అన్నట్టు, పూటకూళ్ల ఇల్లు అంటే ఏమిటో కూడా చెప్పండి. ఈ రోజుల్లో పిల్లలకు ఆ మాటే తెలియదు.

ప్రశ్న అడిగినవారు: ఆదివార బడి ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. అయ్యగారు చెప్పిన వరుసలోనే వచ్చే ఆదివారం పాఠం సిద్ధం చేసుకుంటాను. ఒక్క చిన్న సందేహం మిగిలింది. సమరయుడు గాయపడినవాణ్ణి "తన వాహనముమీద" ఎక్కించుకున్నాడని మన తెలుగు బైబిలులో ఉంది. అది గాడిదా, గుర్రమా అని ఆ పాప తప్పకుండా అడుగుతుంది.

జవాబు: వేదాంత విద్యార్థిని

గ్రీకు మూలంలో ఉన్న మాటకు బరువు మోసే పశువు అని మాత్రమే అర్థం, ఏ జంతువో లూకా చెప్పలేదు. ఓరిజెన్ వినిపించిన ఆ పెద్దను అడిగితే మాత్రం, అది ప్రభువు శరీరం అంటాడు.