“గెజిట్‌లో పేరుందా?” తెలుగులో ఎలా చెప్పాలి?

నెపోలియన్ యుద్ధాల కాలం నాటి ఇంగ్లండ్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఇంటిల్లిపాదీ పేపరు చుట్టూ చేరి ఉంటారు. తల్లి “మనవాడి పేరు గెజిట్‌లో ఉందా?” అంటుంది. నేను “రాజపత్రం” అని రాశాను. మా అమ్మాయి చదివి “అతనికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందా?” అంది. వేరే మాట చెప్పండి.

—

మీ అమ్మాయి తప్పేం లేదండీ. మనకి గెజిట్ అంటే గెజిటెడ్ ఆఫీసరు సంతకం, పేరు మార్పు ప్రకటన. గుండె దడ పుట్టించే మాట కాదు. అక్కడ పుట్టించేది. లండన్ గెజిట్ అంటే అక్కడి ప్రభుత్వ పత్రిక, 1665లో మొదలైంది, అదీ ఆక్స్‌ఫర్డ్‌లో, ప్లేగుకి జడిసి రాజు అక్కడ ఉన్నాడు కాబట్టి. సేనాపతుల నివేదికలు అధికారికంగా అందులో వచ్చేవి, మిగతా పేపర్లు ఎత్తి వేసుకునేవి. ట్రఫాల్గర్ యుద్ధం 1805 అక్టోబర్ 21న జరిగితే, ఆ కబురుతో ప్రత్యేక గెజిట్ నవంబర్ 6న వచ్చింది. 16 రోజులు! వాటర్లూ కబురు మాత్రం నాలుగో రోజుకే అచ్చయింది. 1815లో ఒక్కో పేపరు మీద స్టాంపు పన్నే 4 పెన్నీలు. అందుకే ఒక కాపీ నాలుగిళ్లు తిరిగేది, ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు.

ఒకటి చూసుకోండి. యుద్ధంలో చనిపోయినవాళ్ల, గాయపడినవాళ్ల జాబితాలూ ఆ గెజిట్‌లోనే వచ్చేవి, తల్లి భయం అదే. కానీ వాటిలో పేర్లు అధికారులవే. మామూలు సిపాయిలు ఉత్త అంకె, రెజిమెంటుకి ఇంతమంది అని. కొడుకు ఆఫీసరు కాకపోతే ఆ తల్లి ప్రశ్నకి అర్థమే లేదు.

పైగా ప్రమోషన్లూ ఆ గెజిట్‌లోనే, దివాలా తీసిన వ్యాపారుల పేర్లూ అందులోనే. కాబట్టి రాజపత్రం వదిలేసి “పేపర్లో మనవాడి పేరు పడిందా?” అనండి.

—

“పడిందా” అనగానే నాకు మా టెన్త్ ఫలితాలు గుర్తొచ్చాయి. పొద్దున్నే పేపర్లో హాల్ టికెట్ నంబరు వెతుక్కునేవాళ్లం, పడితే పాసు. “పడిందా” అంటే పడాలని ఎదురుచూస్తున్నట్టుంది. ఈవిడ పడకూడదని కదా దేవుడికి మొక్కుకునేది?

—

అవునండోయ్, అది నాకు తట్టలేదు. అయితే “పడలేదు కదా?” అనాలి. ఆ “కదా”లో టెన్షనంతా వచ్చేస్తుంది.

—

అందరికీ థాంక్స్. వ్యాసంలో కొడుకు లెఫ్టినెంటే, ఆ చిక్కు లేదు. “పేపర్లో మనవాడి పేరు పడలేదు కదా?” అని మార్చి అమ్మాయికి చదివి వినిపించాను. ఈసారి ఉద్యోగం ఊసెత్తలేదు. కాసేపాగి “పడిందా మరి?” అంది.