‘పారగమ్యత’ బదులు ‘ఇంకు’ అనొచ్చా?

మొదటి పోస్టు

మా పిన్నికి పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ తీశారు. ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచి ఒకటే దాహం. సీసా మీద సీసా తాగేది, గంటకోసారి బాత్‌రూమ్‌కి వెళ్లేది. కేస్ షీట్‌లో ‘డయాబెటిస్ ఇన్‌సిపిడస్’ అని రాశారు, అంటే షుగర్‌తో సంబంధం లేకుండా ఒంట్లో నీళ్లు మూత్రంగా పోయే జబ్బు. రాత్రి డ్యూటీకి వచ్చిన అమ్మాయి మొదటి మాట వరకే చదివి, వేలికి సూది గుచ్చి షుగర్ చూసింది. “షుగర్ బాగానే ఉందమ్మా, ఊరికే నీళ్లు తాగకండి” అని చెప్పి వెళ్లిపోయింది. ఈ జబ్బులో నీళ్లు ఆపితే ప్రాణం మీదికొస్తుంది. తెల్లవారేసరికి పిన్నికి నాలుక పిడచగట్టుకుపోయి మాట తడబడుతోంది. డాక్టరు గారు వచ్చి డెస్మోప్రెసిన్ అనే మందు ఇచ్చాక గానీ తేరుకోలేదు.

ఇప్పుడు ఇంటికొచ్చింది. మందు ఎందుకు మానకూడదో తనకు అర్థమయ్యేలా తెలుగులో ఒక కాగితం రాస్తున్నాను. అందులో ‘మూత్రనాళికల నీటి పారగమ్యతను పెంచే హార్మోన్’ అని రాశాను. పారగమ్యత అంటే నీళ్లను తనలోంచి పోనిచ్చే గుణం. పిన్ని చదివి, “పారగమ్యత అంటే ఈ మాత్ర పేరా?” అంది. పాఠ్యపుస్తకం మాట తెచ్చి మనిషి చేతిలో పెడితే అంతే మరి. అందుకే గుంపులో అడుగుతున్నాను.

జరిగేది ఇది. మన మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల దాకా ద్రవాన్ని వడకడతాయి. అందులో చాలా భాగం దారిలోనే రక్తంలోకి తిరిగి వెళ్లిపోతుంది. చివరి నాళికల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. అక్కడ నీళ్లు వెనక్కి వెళ్లాలా, బయటికి పోవాలా అన్నది వాసోప్రెసిన్ అనే చిన్న హార్మోన్ మీద ఆధారపడుతుంది. తొమ్మిది అమైనో ఆమ్లాల పెప్టైడ్ అది. మెదడు అడుగున హైపోథాలమస్‌లో తయారై పిట్యూటరీ వెనక భాగంలో నిలవ ఉంటుంది. అది ఉంటే నాళిక గోడలోంచి నీళ్లు ఒంట్లోకి వెళ్తాయి, రోజుకు లీటరున్నరో రెండు లీటర్లో మూత్రం వస్తుంది. అది బొత్తిగా లేకపోతే మూత్రం 15, 20 లీటర్లకు కూడా చేరవచ్చు.

ఈ పనికి నాకు తోచిన మాట ‘ఇంకు’. నేలలోకి నీళ్లు ఇంకుతాయి, ఇంకుడు గుంత అందరికీ తెలుసు. ‘ఈ హార్మోన్ ఉంటేనే నీళ్లు ఒంట్లోకి ఇంకుతాయి’ అని రాస్తే ఎలా ఉంటుంది?

వ్యాఖ్య, తెనాలి నుంచి

అమ్మా, మాట బాగుంది, కానీ ‘ఇంకు’కి రెండు అర్థాలున్నాయి. లోపలికి వెళ్లడం ఒకటి, లేకుండా పోవడం ఇంకొకటి. ‘చెరువు ఇంకిపోయింది’, ‘కన్నీళ్లు ఇంకిపోయాయి’, ‘బాలింతకి పాలు ఇంకిపోయాయి’ అన్నప్పుడు ఎండిపోవడమే ప్రధానం. రోగి ‘ఒంట్లో నీళ్లు ఇంకిపోతాయి’ అని విని, సరిగ్గా ఎదురు అర్థం తీసుకునే ప్రమాదం ఉంది. ‘నీరు పట్టడం’ అంటే?

జవాబు

మాస్టారూ, ‘నీరు పట్టడం’ నేనూ అనుకున్నాను. కానీ ‘ఒంటికి నీరు పట్టింది’ అంటే మన ఇళ్లలో కాళ్లు వాచాయని అర్థం. పిన్ని వెంటనే పాదం నొక్కి చూసుకుంటుంది. మీరు చెప్పిన రెండర్థాల చిక్కు మాత్రం నిజమే. ‘లోకి’ని వదలకుండా రాస్తే తీరుతుందేమో. ‘ఒంట్లో ఇంకిపోవడం’ ఎండడమే. ‘ఒంట్లోకి ఇంకడం’ చేరడమే. ఒక్క విభక్తి మీద ఇంత బరువు పడుతుందని నేను ముందు గమనించలేదు.

వ్యాఖ్య, జంతుశాస్త్రం చెప్పే ఒకరు

అక్కా, ‘ఇంకు’కి నా ఓటు. దానికి సాక్ష్యం కప్ప. కప్ప మామూలుగా నోటితో నీళ్లు తాగదు. తడి నేల మీద తొడల మధ్య పొట్ట చర్మం ఆనించి కూర్చుంటుంది, నీళ్లు చర్మంలోంచి లోపలికి ఇంకుతాయి. 1921లో బ్రన్ అనే శాస్త్రవేత్త కప్పలకి పిట్యూటరీ సారం ఎక్కించి నీళ్లలో ఉంచితే వాటి బరువు పెరిగింది. చర్మం నీళ్లను ఎక్కువగా రానిచ్చిందన్నమాట. కప్పలో ఈ పని చేసే హార్మోన్ వాసోటోసిన్. మన వాసోప్రెసిన్‌కీ దానికీ తేడా ఒక్క అమైనో ఆమ్లమే. కప్ప చర్మానికీ మూత్రపిండం నాళికకీ కలిపి ఒకే క్రియ వాడాలంటే ‘ఇంకు’ కన్నా దగ్గరి మాట నాకు తెలియదు. ప్రేరణార్థకం కూడా సిద్ధంగా ఉంది: ఈ హార్మోన్ నీళ్లను ఇంకిస్తుంది.

వ్యాఖ్య, మెదక్ వైపు నుంచి

మా తాత ఊరి చెరువుకి నీరటి. మా దిక్కు నీరడి అని కూడా అంటారు. ఎవరి మడికి ఎన్ని నీళ్లు అని చూసి, తూము తెరిచి మూసేది ఆయనే. ఇది చదివితే హార్మోనే నీరటి, నాళిక గోడలో ఉన్నది తూము అనిపిస్తోంది. ‘ఇంకు’ అంటే దానంతట అది జరిగేది. ఇక్కడ ఎవరో అదుపు చేస్తున్నారు కదా! అలాంటప్పుడు ‘తూము’ సరైన మాట కాదా అక్కా?

జవాబు

తమ్ముడూ, నీ మాటతో చాలాసేపు ఆలోచనలో పడ్డాను. తూము నిజంగానే ఉంది. దాని పేరు ఆక్వాపోరిన్, కణం గోడలో నీళ్లకు దారిచ్చే ప్రోటీన్. ఈ కుటుంబంలో మొదటిది నీటిని తనలోంచి పోనిస్తుందని పీటర్ ఆగ్రే బృందం 1992లో చూపించింది, ఆయనకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అలాంటి ఒక్క గొట్టంలోంచి సెకనుకు సుమారు 300 కోట్ల నీటి అణువులు పోతాయి, ఉప్పు మాత్రం పోదు. మూత్రపిండం చివరి నాళికల్లో హార్మోన్ మాట వినేది ఆక్వాపోరిన్-2.

కానీ పద్ధతి చెరువుకి భిన్నం. చెరువులో తూము ఎప్పుడూ గట్టులోనే ఉంటుంది, నీరటి తెరిచి మూస్తాడు. ఇక్కడ తూములు ఉండేది కణం లోపల, చిన్న చిన్న సంచుల్లో చుట్టి పెట్టినట్టు. హార్మోన్ కణం లోపలికి అసలు రాదు. రక్తం వైపు గోడ మీద వీ2 అనే గ్రాహకం, అంటే హార్మోన్ కబురు అందుకునేది, ఉంటుంది, దాన్ని తాకుతుందంతే. ఆ తాకిడికి కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అప్పుడు ఆ సంచులు మూత్రం వైపు గోడ దాకా వచ్చి అందులో కలిసిపోతాయి, తూములు గోడలో దిగుతాయి. చుట్టూ ఉన్న కణజాలం బాగా ఉప్పగా ఉంటుంది కాబట్టి నీళ్లు అటు లాగబడతాయి. హార్మోన్ తగ్గగానే కణం ఆ తూములను మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఇదంతా నిమిషాల పని. గట్టు మీద నీరటి కేకేస్తే, లోపలున్న కూలీలు తూములు మోసుకొచ్చి గట్టులో అమర్చి, పని అయ్యాక పీక్కెళ్లినట్టు!

అందుకని రెండు మాటలూ ఉంచుతున్నాను. వస్తువు పేరు ‘నీటితూము’, జరిగే పని ‘ఇంకడం’. మీ తాతగారి మాట కాగితంలోకి వెళ్తోంది.

వ్యాఖ్య, తెనాలి నుంచి

ఇక జబ్బు పేరు సంగతి చూడండమ్మా. ఆయుర్వేదంలో ఇరవై ప్రమేహాల్లో, అంటే మూత్రం జబ్బుల్లో, ‘ఉదకమేహం’ ఉంది, నీళ్లలాంటి మూత్రం అని. అది వాడరాదా?

జవాబు

మాస్టారూ, ఇది మాత్రం ఒప్పుకోలేను. మా పిన్నికి జరిగిందే మళ్లీ జరుగుతుంది. డయాబెటిస్ అన్న గ్రీకు మాటకి దాటిపోవడమని అర్థం. ఇన్‌సిపిడస్ అంటే లాటిన్‌లో చప్పనిది. తియ్యటి మూత్రానికీ చప్పటి మూత్రానికీ మొదటి మాట ఒకటే కావడం వల్లే ఆ రాత్రి ఆ అమ్మాయి పొరబడింది. ఉదకమేహం అంటే మధుమేహం పక్కనే కూర్చుంటుంది. పైగా పల్లెల్లో ‘మేహం’ అంటే సుఖరోగం అనుకునేవాళ్లూ ఉన్నారు. ‘అతిమూత్రం’ కూడా చాలామందికి షుగరే.

ఈ గందరగోళం వల్లే 2022లో అంతర్జాతీయ వైద్యుల బృందం పేరు మార్చమని ప్రతిపాదించింది. హార్మోన్ తగినంత రాకపోతే ‘వాసోప్రెసిన్ లోపం’, హార్మోన్ ఉన్నా మూత్రపిండం స్పందించకపోతే ‘వాసోప్రెసిన్ నిరోధం’ అనాలని. రెండోదానికి వీ2 గ్రాహకం జన్యువులో తప్పు ఒక కారణం. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది. లిథియం మందు ఎన్నో ఏళ్లు వాడినవాళ్లకూ రావచ్చు. పిన్నిది మొదటి రకం. అందుకే డెస్మోప్రెసిన్ పనిచేస్తోంది. అది వాసోప్రెసిన్‌నే కొంచెం మార్చి చేసిన మందు.

ఇంట్లో మాటల్లో మొదటిది ‘కబురు రాకపోవడం’, రెండోది ‘కబురు వినపడకపోవడం’ అని రాశాను. గ్రాహకాన్ని ‘చెవి’ అన్నాను. శాస్త్రం పుస్తకానికి చాలదు, పిన్నికి చాలు.

వ్యాఖ్య, జంతుశాస్త్రం చెప్పే ఒకరు

అక్కా, మందు ఎక్కువైతే నీళ్లు మరీ ఇంకి రక్తంలో సోడియం పడిపోతుంది. ఆ వాక్యం తప్పక చేర్చండి.

జవాబు

చేర్చాను. డాక్టరు గారు చెప్పిన మోతాదు దాటకూడదని, తలనొప్పి, వాంతి, మగత ఉంటే వెంటనే ఫోన్ చేయాలని రాశాను. ఇవాళ పిన్నికి కాగితమంతా చదివి వినిపించాను. ‘నీటితూము’ దగ్గర ఆపి, “మరి రాత్రి మాత్ర మర్చిపోతే తూములన్నీ లోపలే ఉండిపోతాయా?” అని అడిగింది. అవును పిన్నీ అన్నాను. లేచి మాత్రల డబ్బా తెచ్చి మంచం పక్కన, నీళ్ల చెంబు దగ్గర పెట్టుకుంది.