కొరియన్ ప్రత్యయాలు: మన 'లో'కి ఎ రాయాలా, ఎసొ రాయాలా?

ప్రశ్న (తార్నాక, హైదరాబాద్)

హంగుల్ (కొరియన్ లిపి) చదవడం వచ్చింది, టోపిక్ 1 అనే కొరియన్ భాషా పరీక్షకి చదువుతున్నాను. మాటల చివర తగిలించే ప్రత్యయాల దగ్గరే తప్పులు పోతున్నాయి. "నేను బస్సులో బడికి వెళ్లాను" అనడానికి "జొనున్ బొసుఎసొ హక్క్యోఎ గస్సొయో" అని రాస్తే ఎసొ తప్పన్నారు. "నాకు కాఫీ ఇష్టం"కి "జొఎగె ఖొపి జోఆయో" అంటే అదీ కుదరదన్నారు. కర్తకు తగిలించే నున్, గ తేడా అసలే అర్థం కాలేదు. ఎవరైనా తెలుగులో చెప్పరూ?

జవాబు 1

ఇంగ్లిష్ వివరణలు పక్కన పెట్టండి. ఇవి మన విభక్తుల్లాంటివే, నామం వెనకాలే వస్తాయి. 'కాఫీని'లో ని ఉన్నట్టే వాళ్లకు ఉల్/రుల్ ఉంది. చిక్కంతా మన 'లో'తోనే. మనం ఒక్క 'లో'తో నడిపించే పనిని వాళ్లు మూడుగా పంచారు.

ఊరికే ఉండటమైతే ఎ: "హైదరాబాద్‌ఎ ఇస్సొయో", హైదరాబాద్‌లో ఉన్నాను.
అక్కడ ఏదైనా పని జరిగితే ఎసొ: "బొసుఎసొ ఛేగుల్ ఇల్గొస్సొయో", బస్సులో పుస్తకం చదివాను.
ప్రయాణానికి వాడిన బండి అయితే రో: "బొసురో గస్సొయో", బస్సులో వెళ్లాను.

ఎసొకి 'నుంచి' అన్న అర్థం కూడా ఉంది. అందుకే మీ వాక్యం 'బస్సు నుంచి బడికి వెళ్లాను' అన్నట్టు వినిపిస్తుంది. "మియాపూర్‌ఎసొ ఎల్‌బీనగర్‌క్కాజి" అంటే మియాపూర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా. నివసించడానికి వాడే సల్దా క్రియకు మాత్రం ఎ, ఎసొ రెండూ చెల్లుతాయి.

ఇంకో సంగతి. మనం "కాఫీ తాగాను" అంటాం, ప్రాణం లేనివాటికి మామూలుగా ని తగిలించం. ఆ అలవాటుతో రుల్ వదిలేస్తారు. మాటల్లో వాళ్లూ వదిలేస్తారు కానీ, నేర్చుకునేటప్పుడు రాతలో "ఖొపిరుల్" అనే రాయండి.

జవాబు 2

ఏ రూపం తగిలించాలో పచ్చిమ్ చెబుతుంది. పచ్చిమ్ అంటే మన ఒత్తులా అక్షరం కింద కూర్చునే హల్లు. పలకడం మాత్రం పొల్లులాగా చివర్న. మాట పొల్లుతో ముగిస్తే ఇ, ఉన్, ఉల్. అచ్చుతో ముగిస్తే గ, నున్, రుల్. ఇల్లు అనే జిప్‌కి ఇ చేరితే 'జిబి', పుస్తకం అనే ఛేక్‌కి చేరితే 'ఛేగి'. వాక్ + ఈశుడు వాగీశుడు అయినట్టే! రాతలో మాత్రం మాట అక్షరాలు మారవు, ప్రత్యయాన్ని ఖాళీ లేకుండా పక్కనే రాయాలి. వినేటప్పుడు మాట గుర్తుపట్టలేకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

రో ఒక్కటే కాస్త మొండిది. పొల్లు తర్వాత ఉరో అవుతుంది కానీ, ఆ పొల్లు ల్ అయితే ఉ రాదు. మెట్రోలో అంటే "జిహాఛొల్లో".

జవాబు 3

నున్/గ గురించి. "వాన వస్తోంది" అని కొత్తగా చెబితే "బిగ వాయో". "వానైతే వస్తోంది" (ఉక్క తగ్గలేదు అన్న ధ్వనితో) "బినున్ వాయో". ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు కనిపించలేదు: నున్ అంటే 'అయితే', 'సంగతికొస్తే'. "ఎవరు చేశారు?" అంటే "నేనే" అన్నట్టు గ: "జేగ హెస్సొయో". జొ + గ కలిసి జేగ అవుతుందని గుర్తుంచుకోండి. ఎవరు అన్న ప్రశ్నకు కర్తగా నుగ తప్ప నునున్ అనకండి.

ఇష్టం విషయంలో మన 'నాకు'ని తీసుకెళ్లకండి. "జొనున్ ఖొపిగ జోఆయో" లేదా "జొనున్ ఖొపిరుల్ జోఆహేయో". జోతా అంటే 'బాగుండు', అందుకే కాఫీ దానికి కర్త. జోఆహాదా అంటే 'ఇష్టపడు', అక్కడ కాఫీ కర్మ. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి పైకి చదవండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్. మరి 'నేను కూడా' అంటే "జొనున్‌దో"నా?

జవాబు 3

కాదు, "జొదో". దో వస్తే నున్, గ, రుల్ తప్పుకుంటాయి. ఎ, ఎసొ మాత్రం ఉండిపోతాయి: "హక్క్యోఎదో గస్సొయో", బడికి కూడా వెళ్లాను.